ఉగ్గాని సందులో అత్త

నాతో పనిచేసే ఆమె సెలవులకు లిమా వెళ్ళొచ్చింది. పెరూ దేశంలోని ఆ పాత పట్నంలో వీధి వీధీ తిప్పి, మలుపు మలుపులో ఒక రుచి చూపించారట. నిమ్మరసంలో ఊరబెట్టిన పచ్చి చేపను లొట్టలేసుకుంటూ తిన్నానని చెప్పి, "మీ ప్రొద్దుటూరు కూడా తిండికి పేరున్న ఊరే కదా, నన్నూ అలా తిప్పవా?" అంది. సరేనని తీసుకెళ్ళాను. కారం దోసె తినిపించాను, బంగారు అంగళ్ళు చూపించాను. ఆమె ప్రతి పాత తలుపునూ ఫొటో తీసుకుని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆమె తప్పేం లేదు. ఆ ఊళ్ళో ఎక్కడ తినాలో, ఎక్కడ తినకూడదో మాకు నేర్పింది పార్టీలు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఊరు రెండు పార్టీలుగా చీలిపోయింది. పనిమీద ప్రొద్దుటూరు వస్తే మావాళ్ళు బస్టాండు పక్క హోటల్లో తినాలి, అవతలివాళ్ళు బజారు వీధి హోటల్లో. బోర్డు ఎవరూ పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఖర్మకాలి అవతలి హోటల్లో టీ తాగామా, మేము బస్సు దిగేలోపే పార్టీ మారామన్న మాట ఊళ్ళో దిగి ఉండేది. మా నాన్నకు కారం దోసె అంటే ప్రాణం. మంచి దోసె బజారు వీధిలోనే దొరికేది. ఆయన మా హోటల్లో చప్పిడి ఇడ్లీ తింటూ ఆ వీధివైపు చూసేవాడు.

దోసె పోతే పోయింది. నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. పార్టీలు పుట్టకముందే ఆమెను ఊళ్ళోనే ఇచ్చారు. తర్వాత ఆ ఇల్లు అవతలి పార్టీలోకి పోయింది. పిలిస్తే వినపడేంత దగ్గర ఉండి కూడా అన్నాచెల్లెళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

నేను ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు, నన్ను చూసే సాకుతో నాన్న వచ్చేవాడు. కంటి ఆసుపత్రి సాకుతో అత్త వచ్చేది. మసీదు వెనక సందులో ఒక సాయిబు తన ఇంటి అరుగు మీదే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మేవాడు. ఏ పార్టీవాళ్ళూ ఆ సందులోకి వచ్చేవాళ్ళు కాదు. నానబెట్టి పిండిన బొరుగులకు తాలింపు వేసి, పప్పుల పొడి కలిపి, వేడివేడిగా ఆకులో పెట్టేవాడు. ముగ్గురం గోడవారన కూర్చుని తినేవాళ్ళం. అత్త తన బజ్జీ తీసి నాన్న ఆకులో వేసేది.

"తినన్నా. ఇంట్లో పెట్టే గీత ల్యాకపాయె, ఈడన్నా తిను."

"నువ్వు తినమ్మా. శానా చిక్కిపోయినావు," అనేవాడు నాన్న.

అంతకు మించి పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఎదురెదురుగా కూర్చోవడమే వాళ్ళకు పండగ.

ఎవరో చూశారు. చూసి చేరవేయడమే బతుకుతెరువైనవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. అత్త ప్రయాణాలు ఆగిపోయాయి. ఏడాది తిరక్కుండా కామెర్లతో పోయింది.

ముత్తైదువగా పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. కప్పకుండా పంపితే పుట్టిల్లు లేనిదాని కింద లెక్క. నాన్న ఎర్ర చీర తెచ్చాడు. చెప్పులేసుకుంటుంటే మా పార్టీ పెద్ద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎలక్షన్ల ముందర ఆ ఇంటికి పోతాండావంటే మనోళ్ళు ఏమనుకోవల్లప్పా? పోతే మళ్ళ నా కాడికి రావద్దు."

నాన్న చెప్పులు విడిచేశాడు. అత్తకు అత్తింటి పాత చీరే కప్పి తీసుకుపోయారు. పాడె మా ఇంటి ముందునుంచే పోయింది. నాన్న తలుపు వెనక నిలబడి, ఆ ఎర్ర చీర నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఆ తర్వాతి ఎన్నికలకు ఊళ్ళోని రెండు పార్టీల పెద్దలూ ఒకే కండువా కప్పుకున్నారు. ప్రొద్దుటూరు కల్యాణ మండపంలో రాజీ భోజనాలు పెట్టి, ఒకరి నోటికి ఒకరు తీపి ఓళిగ అందించుకున్నారు. జనం సిగ్గులేకుండా చప్పట్లు కొట్టారు. నాన్నను అత్త మొగుడి పక్కనే కూర్చోబెట్టారు. నేను ఎదుటి బంతిలో ఉన్నాను. వడ్డన చూసుకుంటూ వచ్చిన మా పార్టీ పెద్ద, నాన్న ఆకు ముందు ఆగాడు.

"ఏందప్పా, ఆకు ముందర పెట్టుకోని చూస్తాండావు?"

"ఈ బంతి అప్పుడే ఏసింటే నా చెల్లెలికి చీర కప్పింటాను గద మామా."

"అయిపోయినేటివి తవ్వుకోవద్దు. తిను."

పెద్ద అక్కణ్ణుంచి కదల్లేదు. నాన్న తిన్నాడు. ముద్ద ముద్దకూ నీళ్ళు తాగి మింగాడు.

నాతో ఊరు చూడవచ్చిన స్నేహితురాలికి చూపించనిది ఆ సందు ఒక్కటే మిగిలింది. చివరికి అక్కడికీ తీసుకెళ్ళాను. సాయిబు కొడుకు అదే అరుగు మీద బజ్జీలు వేస్తున్నాడు. ఆమె ఒకటి కొరికి, బాగుందంటూ ఇంకొకటి నా ఆకులో వేయబోయింది. చేయి అడ్డం పెట్టాను.

"మీ నాన్నగారు ఈ ఊళ్ళో ఎక్కడ తినేవారు?" అని అడిగింది.

"ఎక్కడ తినమంటే అక్కడ తిన్నాడు," అన్నాను.