నికెల్ ఆక్సైడ్ మీది గీతలు

ఎస్తేరు తండ్రి ఏసుదాసు పెనుకొండలో రైలు పట్టాలకు కంకర మోసిన మనిషి. హిందూపురంలో డిగ్రీ, అనంతపురంలో ఎమ్మెస్సీ ముగించి, 2001లో పరిశోధనకని ఆమె బెంగళూరు చేరింది.

ఆమెకు అప్పజెప్పింది నికెల్ ఆక్సైడ్ స్ఫటికం. ఆకుపచ్చగా, ఉప్పుగల్లంత ఉంటుంది. దాంట్లో కరెంటు పారదు కాబట్టి, కరెంటుతో పరమాణువులను చూపించే పరికరం దానిమీద పనిచేయదు. అందుకని ఆమె, పంపుతో గాలి తీసేసిన పెట్టెలో స్ఫటికాన్ని చీల్చి, ఇనుము పూసిన సూదిమొనను ఆ కొత్త ముఖానికి తాకీ తాకనట్టు నడిపేది. స్ఫటికం లోపల నికెల్ పరమాణువుల అయస్కాంతత్వం ఒక వరుసలో ఒక దిక్కుకు, పక్క వరుసలో ఎదురు దిక్కుకు ఉంటుంది. పైముఖం మీదా అట్లాగే నిలుస్తుందా అన్నది తేల్చాలి.

నాలుగో ఏట తెర మీద గీతలు తేలాయి, ఒకటి వెలుగు, ఒకటి మసక. వెతుకుతున్న వరుసలు ఇవేనని గైడు వెంటనే వ్యాసం రాయమన్నాడు. పెనుకొండ చర్చిలో ఏసుదాసు ప్రార్థన చేయించాడు.

ఎస్తేరుకు మనసు ఒప్పలేదు. ఇనుము పూయని సూదితో మళ్లీ చూసింది; అయస్కాంతత్వం దానికి అందకూడదు. అవే గీతలు. సూది వేగం మారిస్తే గీతల వెడల్పూ మారింది. గాలి తీసే పంపు అదురు బొమ్మలోకి ఎక్కిందంతే.

“ఆ సూదితో చూడమని నిన్నెవరు అడిగారు?” అన్నాడు గైడు.

“ఎవరూ అడగలేదు సార్. వ్యాసంలో నా పేరు వద్దు.”

వ్యాసం ఆగిపోయింది. ఆ తర్వాత పరికరం దగ్గర ఆమెకు వంతు రాలేదు. ఫెలోషిప్ అయిపోయాక పట్టా లేకుండానే ఇల్లు చేరింది. ఏసుదాసు అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి ఉన్నాడు.

“పట్టా యాడమ్మా?”

“రాలేదు నాయనా.”

“తప్పేమన్నా చేసినావా?”

“లేదు. ఆ గీతల్లో తప్పుండాదని నేనే చెప్పినా.”

“చెప్పకుంటే వచ్చేదా?”

“వచ్చేది.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. ఆమెను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

ఎస్తేరు ధర్మవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి కుదురుకుంది. 2007లో ల్యాబు స్నేహితురాలు అరుణ ఫోను చేసింది.

“నీ స్ఫటికమే, ఇనుము సూదే. వేరే దేశంలో వాళ్లకు పైముఖం మీద వరుసలు కనిపించినాయంట. నువ్వు వెతికింది నిజంగానే ఉండాది ఎస్తేరూ.”

“వాళ్లు చూసినారు. నేను చూసింది పంపు అదురు” అంది ఎస్తేరు.

గంట కొట్టారు. ఆ పూట ఆమె క్లాసుకు పోలేదు. స్టాఫ్ రూములో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.