ఏ జ్వరమో రాయని కేస్‌షీట్

సూర్యాపేటలోని ఒక ఆసుపత్రికి మెడికల్ రికార్డ్స్ ఆఫీసర్‌గా నేను బదిలీ మీద వచ్చింది ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మధ్యలో.

డాక్టర్ రాసిన రోగం పేరును అంతర్జాతీయ జాబితాలోని కోడ్‌గా మార్చడం మా పని. రక్తపరీక్ష కాగితం కళ్ల ముందున్నా సరే, రోగం ఏదో మేం నిర్ణయించకూడదు. డాక్టర్ రాసి సంతకం పెట్టిన మాటకే కోడ్. ఏ జ్వరమో రాయకపోతే ‘ఆర్ 50.9’, అంటే కారణం తేలని జ్వరం. ఆ సీజన్‌లో ఎక్కువగా వేసింది అదే.

మోతె దగ్గర గొర్రెలు కాసుకునే లింగయ్య కేస్‌షీట్ ఒక సోమవారం నా బల్ల మీదికి వచ్చింది. ఆరోగ్య పథకం అనుమతికి కోడ్ ముందే పంపాలి కనుక, మనిషి వార్డులో ఉండగానే షీట్ మాకు చేరేది. దానికి రెండు పాత కాగితాలు పిన్ను కొట్టి ఉన్నాయి. కోదాడలో టైఫాయిడ్ అన్నారు. మిర్యాలగూడలో డెంగీ అన్నారు. మా డాక్టర్ సునీత ‘జ్వరం, తొమ్మిదో రోజు’ అని ఆపేశారు. నియమం ప్రకారం దీనికీ ఆర్ 50.9 వేయాలి.

అంతలో అతని భార్య ఎల్లమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

“సారూ, మూడు దవాఖానలు తిరిగినం. తలా ఒక పేరు చెప్తున్నరు. మనిషి మాట్లాడుతలేడు. అసలు ఏం జెరమో జర సూసి చెప్పుండ్రి.”

అది చెప్పే అధికారం నాకు లేదని ఆమెకు ఎలా చెప్పాలి? డాక్టరమ్మను అడుగుతానని పంపించి, షీట్ మళ్లీ మొదటి నుంచి చదివాను. నర్సు నోట్‌లో ‘నడుము పక్కన నల్లటి పొక్కు’ అని ఉంది. డాక్టర్ నోట్‌లో లేదు. దాని అర్థం నాకు తెలియదు. నర్సు రాసినదానికి కోడ్ వేయకూడదు కూడా. అలాంటప్పుడు డాక్టర్‌కు ప్రశ్న చీటీ పంపాలి. అందులో జవాబు సూచించకూడదు. ‘ఈ పొక్కు మీ నోట్‌లో లేదు. రోగ నిర్ధారణలో మార్పు ఉందా?’ అని రాసి నేనే తీసుకెళ్లాను.

“నాకు వైద్యం నేర్పుతున్నారా సార్?” అన్నారు సునీత. అయినా లేచి వార్డుకు వెళ్లి, లింగయ్య పంచె ముడి పక్కకు జరిపి చూశారు. గడ్డిలో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టిన మచ్చ అది అన్నారు. ఆ పురుగు వల్ల వచ్చే జ్వరం పేరు, స్క్రబ్ టైఫస్ అని రాసి సంతకం చేసి, మందు మార్చారు. మూడో రోజుకు జ్వరం దిగింది. లింగయ్య నోరు విప్పి మందను ఎవరు చూస్తున్నారని అడిగాడట.

నాకు మాత్రం కుదురు లేకపోయింది. ముందు నెల షీట్లు తిరగేశాను. మఠంపల్లి నుంచి వచ్చిన ఒకామె షీట్‌లో నర్సు అలాంటి పొక్కే రాసింది. పైన ఆర్ 50.9, నా సంతకం. జ్వరం తగ్గకముందే ఇంటివాళ్లు తీసుకెళ్లిపోయారు. రాసిన ఫోన్ నంబరు పలకలేదు. ఎదురుగా లేని మనిషికి ఇప్పుడేమని రాయనన్నారు డాక్టర్. కోడ్ అలాగే ఉండిపోయింది. నియమం ఎక్కడా తప్పలేదు. తప్పు నాదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత నర్సు నోట్ చదవకుండా ఏ జ్వరం షీట్‌కూ కోడ్ వేయలేదు. అనుమానం ఉంటే మనిషి మంచం మీద ఉండగానే అడగాలి. డిశ్చార్జి అయ్యాక అడిగితే జవాబు చెప్పగలిగేవాళ్లు ఉండరు.