మరవాళ్ళింటి ఆరు చొక్కాలు

కతెల్ తలార్మిన్ ఫ్రాన్సు పడమటి కొసన ఇల్లిల్లూ తిరిగి బట్టలు కుట్టే మనిషి. లాన్‌గెలెన్ ఊరి చుట్టూ కొండవాలున విసిరేసినట్టుండే రైతుల ఇళ్ళలో, రోజుకో ఇంటికి వెళ్ళేది. సూదిపెట్టె, కత్తెర బుట్టలో వేసుకుని పొద్దున్నే బయల్దేరి, ఆ ఇంటివాళ్ళు పెట్టింది తిని, కిటికీ పక్కన కూర్చుని వెలుగున్నంతసేపూ కుట్టేది. ఎవరికి నడుము పెరిగిందో, ఎవరికి నెల తప్పిందో, ఏ ముసలాయన తన చావుకి కొత్త చొక్కా కుట్టించి పెట్టెలో దాచుకున్నాడో అన్నీ ఆమెకు తెలిసేవి. ఒకరింటి మాట ఇంకొకరింట్లో అనేది కాదు. అందుకే ప్రతి ఇంటివాళ్ళూ ఆమెను వంటగదిదాకా రానిచ్చేవాళ్ళు.

తల్లి పోయేనాటికి ఆమెకు పదిహేడేళ్ళు, తమ్ముడు గెనోలేకి ఏడు. తండ్రి అంతకుముందే సముద్రంలో పోయాడు. తమ్ముణ్ణి ఆమే పెంచింది.

అప్పట్లో బడిలో ఫ్రెంచే మాట్లాడాలి, ఇంట్లో మాట్లాడే బ్రెటన్ మాట్లాడకూడదు. మాట్లాడిన పిల్లవాడి మెడలో మేస్టారు తాడుకట్టిన చెక్కబూటు వేలాడదీసేవాడు. దాన్ని వదిలించుకోవాలంటే ఒకటే దారి. ఇంకెవడో బ్రెటన్ మాట్లాడుతుండగా పట్టుకుని, వాడి పేరు చెప్పాలి. అప్పుడు బూటు వాడి మెడకెక్కుతుంది. సాయంత్రం బడి విడిచేసరికి ఎవడి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. గెనోలే మూడు వారాలపాటు రోజూ దెబ్బలు తిన్నాడు. మెడ ఒరుసుకుపోయి పుండు పడింది.

"ఎవడో ఒకడి పేరు చెప్పెయ్యరా, పోతుంది," అంది కతెల్, పుండుకి వెన్న రాస్తూ.

"నేను చెప్పనక్కా. చెబితే వాణ్ణి కొడతారుగా," అన్నాడు వాడు.

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. వాడు ఎలాంటివాడని ఎవరడిగినా ఇదే చెప్పేది.

చదువులో చురుకు కాబట్టి ఊరి ఫాదిరీగారు వాణ్ణి రెన్ పట్నం పంపించారు. అక్కడినుంచి సెలవులకి వచ్చినప్పుడల్లా వాడి మాటల్లో కొత్త వేడి కనిపించేది. మన భాషని చంపేస్తున్నారనేవాడు, ఫ్రాన్సు మనకి సవతితల్లి అనేవాడు. కతెల్‌కి అందులో సగం అర్థమయ్యేది, మిగతా సగం పుండుపడిన ఆ మెడని తలుచుకుని ఒప్పుకునేది. తర్వాత జర్మన్లు వచ్చారు. 1943 చలికాలంలో, బ్రెటన్ భాషకోసం బతుకంతా ధారపోసిన ఒక ముసలి ఫాదిరీని ఎవరో దారికాచి కాల్చేశారు; జర్మన్లతో చాటుగా పోరాడే ప్రతిఘటనవాళ్ళ పనే అన్నారు. ఆ నెల తిరక్కుండానే రెన్‌లో కొంతమంది కుర్రాళ్ళు బ్రెటన్ దళమని పేరు పెట్టుకుని తుపాకులు పట్టారు. ఆ తుపాకులు ఇచ్చినవాళ్ళు జర్మన్లు. గెనోలే అందులో చేరాడని కతెల్‌కి సంతలో ఎవరో చెబితే తెలిసింది.

మరుసటి ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం వాడే ఇంటికొచ్చాడు. ఒంటిమీద బూడిదరంగు జర్మను కోటు.

"చేతులు పొడుగయ్యాయక్కా. రెండు వేళ్ళంత తగ్గించి పెట్టు," అన్నాడు, కోటు విప్పి బల్లమీద వేసి.

"ఇదేం బట్టరా? అమ్మ చూస్తే ఏమయ్యేది?"

"బట్టదేముంది? రేపు మనకి మన బట్టే వస్తుంది. ముందు మనవాళ్ళని చంపేవాళ్ళ సంగతి తేలాలి."

"మనవాళ్ళెవరు, వాళ్ళెవరు? అందరూ ఈ కొండవాలు పిల్లలేగా."

"నీకు తెలీదులే. నువ్వు కుట్టు."

ఆమె కుట్టింది. బట్ట దళసరిగా ఉంది, రెండు సూదులు విరిగాయి. వాడు నల్లగోధుమ అట్లు తిని, ఆపిల్ కల్లు తాగుతూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. కిటికీ దగ్గర ఆగాడు. అక్కడ బుట్టలో, లోయలో నీటిమర నడిపే ఇఫిగ్ ఇంటినుంచి మాసికలు వెయ్యడానికి తెచ్చిన చొక్కాలున్నాయి. వాడు ఒక్కొక్కటీ తీసి చూసి, మళ్ళీ మడతమీద మడతపెట్టాడు.

"ఎవరివక్కా ఇవి?"

"మర ఇఫిగ్‌వి."

"ఆరూనా?"

ఆమె తలెత్తలేదు. "పాతవి ఉంటాయిగా మనిషన్నాక."

గెనోలే నవ్వాడు. "ఇఫిగ్ మామ మెడ ఒక చొక్కాలో నా పిడికిలంత, ఇంకో చొక్కాలో ఎద్దు మెడంత ఉందే! పిల్లాజెల్లా కూడా లేనివాడాయె."

ఆ నవ్వు చిన్నప్పటి నవ్వులాగే ఉంది. ఆమె దారం కొరికేసింది. కోటు చేతికిచ్చింది. వాడు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, ఆమె నుదుట ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున్నే కతెల్ చొక్కాలు పట్టుకుని లోయలోకి దిగింది. ఇఫిగ్ భార్య లోయిజా ఆమెకంటే రెండేళ్ళు పెద్ద, ఇద్దరికీ చిన్నప్పటినుంచీ స్నేహం.

"అప్పుడే కుట్టేశావుటే? రా, కూచో," అని లోయిజా వేయించిన బార్లీ కాఫీ పోసింది. పైన అటకమీద ఎవరో ఒత్తిగిల్లినట్టు చెక్క కిర్రుమంది. ఇద్దరూ పైకి చూడలేదు.

"ఏంటే అలా ఉన్నావు? రాత్రి నిద్రపోలేదా?"

"తలనొప్పి."

చెప్పాలనే వచ్చింది. దారి పొడుగునా మాటలు కూడా పేర్చుకుంది. కానీ చెబితే, నా తమ్ముడు మిమ్మల్ని పట్టిస్తాడని చెప్పినట్టే. మూడు వారాలు దెబ్బలు తిని కూడా ఎవడి పేరూ చెప్పనివాణ్ణి, వాడింకా ఏమీ చెయ్యకముందే, తనే పట్టిచ్చినట్టు. వాడు అలాంటివాడు కాదు. ఊరికే నవ్వాడు, అంతే. ఆమె కాఫీ ఆఖరి గుక్కదాకా తాగింది.

"ఆ చొక్కాలు బయట ఆరెయ్యకే," అని మాత్రం అంది గుమ్మంలో.

"ఏం, వాన వస్తుందా?" అంది లోయిజా ఆకాశంకేసి చూస్తూ.

వాన రాలేదు. మూడోరోజు పొద్దెక్కాక రెండు లారీలు లోయలోకి దిగాయి. కతెల్ ఆవేళ కొండమీద ఒక రైతింట్లో పెళ్ళిగౌను కుడుతోంది. తుపాకుల చప్పుడు ముందు విడివిడిగా, తర్వాత ఒక్కసారిగా వినిపించింది. గౌను కొలతలిస్తున్న పెళ్ళికూతురు గుండుసూదులతోనే కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కతెల్ కదల్లేదు. అటకమీద దాక్కున్న ముగ్గురు ప్రతిఘటన కుర్రాళ్ళని మరకాలువ గట్టున కాల్చేశారు. ఇఫిగ్‌నీ లోయిజానీ లారీ ఎక్కించి, పట్నంలో ఖాళీ చేయించి జైలుగా వాడుకుంటున్న బడికి తీసుకెళ్ళారు.

లోయిజాని రెండు రోజులకి వదిలారు. ఇఫిగ్ తొమ్మిదోరోజున పెట్టెలో వచ్చాడు. మూత తియ్యొద్దన్నారు.

చాకిరేవు దగ్గర ఆడవాళ్ళందరూ వింటుండగా లోయిజా చెప్పింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"పక్కగదిలో ఆయన్ని కొడుతున్నారు. నాకన్నీ వినిపిస్తున్నాయి. అడుగుతున్నవాడు జర్మనువాడు కాదే. మన భాషలోనే అడుగుతున్నాడు. 'ఇఫిగ్ మామా, చెప్పెయ్ మామా' అంటున్నాడు. ఎంత చక్కటి బ్రెటన్ అనుకున్నారు!"

కతెల్ కూడా అక్కడే బట్టలకి సబ్బు రాస్తోంది. ఎవరూ ఆమెకేసి చూడలేదు. ఆ చూడకపోవడం చాలాకాలం సాగింది.

ఆగస్టులో జర్మన్లు పారిపోయారు, దళం కూడా వాళ్ళతోనే పోయింది. ఊరి కుర్రాళ్ళు కత్తెర పట్టుకుని, జర్మన్లతో కలిసినవాళ్ళ ఆడవాళ్ళకి ఊరూరా చేస్తున్నట్టే జుట్టు కత్తిరించడానికి కతెల్ ఇంటికి వచ్చారు. కుర్చీ వాకిట్లోకి లాగారు. అప్పుడు లోయిజా నల్లబట్టలతో అడ్డంగా వచ్చింది.

"దాన్ని వదలండిరా. తమ్ముడు వెధవైతే అదేం చేస్తుంది? మా ఇంటి గుమ్మంలో కూచుని కుట్టిన మనిషిరా అది."

వాళ్ళు వెళ్ళిపోయారు. వాకిట్లో ఆ కుర్చీమీదే చీకటిపడేదాకా కూచుంది కతెల్. జుట్టు కత్తిరించినా బాగుండేదనిపించింది.

గెనోలే ఐర్లండు చేరాడు. ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు, దానిమీద సంతకం తప్ప ఏమీ ఉండేది కాదు. ఆమె జవాబు రాయలేదు, కార్డులు పారెయ్యనూ లేదు. పెళ్ళి చేసుకోలేదు. కుట్టుపని మెల్లగా మళ్ళీ వచ్చింది.

నలభై ఏళ్ళు గడిచాక గొడవ మొదలైంది. రియోక్ అనే కుర్ర పంతులు, బ్రెటన్ బడి నడుపుతున్నవాడు, దళం గురించి పుస్తకం రాస్తున్నానని వచ్చాడు. పంచాయతీ ఆఫీసు పాత కాగితాల్లో ఒక ఆకాశరామన్న ఉత్తరం దొరికిందన్నాడు. నీటిమరలో మనుషులున్నారని జర్మన్లకి ఫ్రెంచిలో ఎవరో రాసిన ఉత్తరం. తేదీ గెనోలే ఇంటికొచ్చిన దానికి నాలుగు రోజుల ముందుది.

"చూశారా మామ్మగారూ, మీ తమ్ముడిమీద వేసినది నింద. ఆయన భాషకోసం పోరాడినవాడు. మీరొక్కమాట అంటే చాలు."

పాత ప్రతిఘటనవాళ్ళు భగ్గుమన్నారు. పంచాయతీ హాలులో సభ పెట్టారు. ఉత్తరం దొంగదని ఒకడు, దళం చెయ్యనివి కూడా దళం నెత్తిన రుద్దారని ఇంకొకడు. అరుపులు పెరిగాక, వెనక బెంచీలోంచి కతెల్ లేచింది. బ్రెటన్‌లోనే చెప్పింది. కోటు సంగతి, చొక్కాల సంగతి, మెడల గురించి అన్న మాట, కాఫీ. ఏదీ దాచలేదు.

"అయితే ఆయనే చెప్పాడని మీకు తెలీదన్నమాట," అన్నాడు రియోక్ ఆశగా.

"తెలీదు నాయనా. ఉత్తరం ముందే చేరిందేమో. నాకు తెలిసింది ఒకటే. వాడు లెక్కపెట్టాడు, నేను చూశాను, మూడు రోజులు నోరు మూసుకున్నాను."

రెండు పక్షాలకీ ఆ మాట పనికిరాలేదు. సభ ముగిశాక లోయిజా కర్ర పొడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆవేళ నీ నోట్లో ఏదో ఉందని నాకు తెలుసే. వానేమో అనుకున్నాను."

"లోయిజా..."

"వద్దు. ఇంక ఏమీ చెప్పకు."

ఆ తర్వాత ఆమె కతెల్‌తో మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో మాత్రం ఎప్పటిలాగే కతెల్ పక్క కుర్చీలోనే కూర్చునేది.

అదే వారంలో కతెల్ తమ్ముడికి మొదటి ఉత్తరం రాసింది. ఒక్క ప్రశ్నే: బడిలో ఇఫిగ్‌ని మామా అని పిలిచింది నువ్వేనా?

నెల తర్వాత జవాబొచ్చింది. నాలుగు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు. అక్కడి వానల గురించి, బ్రెటన్ వర్ణక్రమం ఎలా ఉండాలో, ఈనాటి పిల్లలు భాషని ఎలా పాడుచేస్తున్నారో రాశాడు. ఇఫిగ్ పేరు ఎక్కడా లేదు, అవుననీ లేదు, కాదనీ లేదు. ఆమె రెండుసార్లు చదివి, మడిచి, కొండ దిగి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళింది. నీటిమర కాగితాలున్న ఫైలు తెప్పించుకుని, ఆ ఆకాశరామన్న ఉత్తరం వెనక ఈ ఉత్తరం తన చేత్తోనే పెట్టింది.

"దీనిమీద ఏమని రాసుకోమంటారండీ?" అనడిగింది గుమాస్తా అమ్మాయి.

"తేదీ వెయ్యమ్మా. చాలు," అంది కతెల్.