ఓడ హోటల్లో ఖాసింకు నేనిచ్చిన టిప్పు

మే నెలలో ఒక గురువారం పొద్దున ఆరున్నరకి నేనూ మా ఆవిడ పద్మా నరసరావుపేట బస్టాండులో గుంటూరు బస్సెక్కాం. చేతిలో రెండు పెట్టెలు, ఒక సంచిలో పులిహోర. వెళ్తున్నది ఓడ మీద విహారానికి. చెన్నైలో ఎక్కితే మూడు రాత్రులు సముద్రంలో తిప్పి విశాఖలో దించుతారు. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తాయని బళ్ళూ వేళలూ ఖర్చులూ రాస్తున్నాను. దాంతోపాటు అక్కడ నేను చేసిన ఒక పాడుపని కూడా రాస్తున్నాను. అది దాచి మిగతాది రాయడం నాకు చేతకాలేదు.

నిజానికి సముద్రం చూడాలని పెట్టుకున్న ప్రయాణం కాదిది. ఖాసిం నాకు వడ్డిస్తుంటే చూడాలని పెట్టుకున్నది.

ఖాసింది మాచర్ల. పద్దెనిమిదేళ్ళప్పుడు ఇద్దరం నరసరావుపేటలో ఒకే భోజన హోటల్లో సర్వర్లుగా చేరాం. ఇద్దరం ఒకే రకంగా నాలుగేసి కంచాలు మోసేవాళ్ళం. టిప్పులు మాత్రం వాడి బల్లల మీదే మిగిలేవి. నా బల్లల మీద సోంపు గింజలు మిగిలేవి. తర్వాత నేను ఆ హోటల్నే లీజుకి తీసుకుని యజమానినయ్యాను. వాడు బొంబాయి వెళ్ళి ఓడలెక్కాడు. ఈ లెక్కన పైచేయి నాదే కావాలి కదా. పోయిన ఏడాది మా కొత్తింటి గృహప్రవేశానికి వాడు సెలవు మీద వచ్చాడు. ఇల్లు చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా వాడి ఫోను చుట్టూ మూగారు. గ్రీసు అంట, నార్వే అంట, మంచుకొండల పక్క నుంచి పోయే ఓడంట. మా మావగారు నేను వేయించిన గ్రానైటు వదిలేసి వాడి మంచు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

వెళ్తూ ఖాసిం, "వచ్చే మేలో మా ఓడ చెన్నై నించి తిరుగుద్ది బావా. నువ్వూ చెల్లెమ్మా రండి. నా చేత్తో వడ్డిస్తా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఒక్కటే కనిపించింది: నేను కుర్చీలో కూర్చోవాలి, వాడు నా ముందు నిలబడాలి, లేచేటప్పుడు వాడి చేతిలో పెద్ద టిప్పు పెట్టాలి. ఆ ఒక్క నిమిషం కోసం ఇద్దరికీ కలిపి అరవై రెండు వేలు కట్టి కిటికీ లేని గది బుక్ చేశాను.

గుంటూరు చేరేసరికి ఎనిమిదైంది. ఇడ్లీ తిని, తెనాలి బండి పట్టుకుని, తెనాలిలో పదకొండున్నరకి చెన్నై రైలెక్కాం. పక్క సీట్లో నెల్లూరు పెద్దాయన ఒకాయన ఉన్నారు. బ్యాంకులో రిటైరయ్యారట, రెండుసార్లు ఓడలెక్కారట. నేను టిప్పుల సంగతి అడిగితే ఉత్సాహంగా చెప్పారు.

"టికెట్టులోనే సర్వీసు ఛార్జీ కలిపేస్తారండీ. మామూలు భోజనశాలలో తిండికి మళ్ళీ ఏమీ కట్టక్కర్లేదు. స్పెషాలిటీ రెస్టారెంటని విడిగా ఉంటయ్యి. వాటికి మనిషికింతని అదనం. అందులో కూడా టిప్పు కలిసే ఉంటుంది."

"అయితే ఇంకేం ఇవ్వక్కర్లేదా?"

"ఇవ్వకపోతే ఎవరూ ఏమనుకోరు. మనసుకి నచ్చితే బిల్లు చీటీ మీద రాయొచ్చు, లేదా చేతిలో పెట్టొచ్చు. పదిమందికీ కనపడేట్టు మాత్రం ఇవ్వకూడదండీ. అది మర్యాద కాదు."

నేను తలూపాను గానీ, పదిమందికీ కనపడకపోతే నేనింత దూరం వెళ్ళడం దేనికి?

సాయంత్రం ఆరుకి చెన్నై సెంట్రల్. స్టేషన్ ఎదురు సందులో లాడ్జి గది పద్నాలుగు వందలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు మాత్రం ఉప్పగా ఉన్నాయి. మర్నాడు పదిన్నరకి ఆటోలో రేవుకి వెళ్ళాం. ఆటోవాడు రెండొందల యాభై అడిగి రెండొందలకి వచ్చాడు. పెట్టెలకి చీటీలు కట్టి ముందే తీసుకుపోతారు, కాబట్టి మందులూ ఒక జత బట్టలూ చేతిసంచిలో ఉంచుకోండి. ఆధార్ చూసి ఒక్కొక్కరికీ ఒక కార్డు ఇస్తారు. గది తలుపుకీ, ఏదైనా కొనుక్కోడానికీ ఆ కార్డే. మధ్యాహ్నం రెండుకి గదిలోకి పంపారు. అయిదుకి ఓడ కదిలింది. ఒడ్డు దూరమవుతుంటే పద్మ కొంగు గాలికి ఎగరకుండా పట్టుకుని, "ఎంత బాగుందయ్యా!" అంది. నేను ఖాసిం పనిచేసే రెస్టారెంటు ఏ అంతస్తులో ఉందో బోర్డు మీద వెతుకుతున్నాను.

పదో అంతస్తు. ఇటలీ వంటలు. మనిషికి పద్దెనిమిది వందలు. శనివారం సాయంత్రం ఆరున్నరకి బల్ల దొరికింది.

లోపలికి అడుగుపెట్టగానే ఖాసిం ఎదురొచ్చాడు. నల్లకోటు, ఛాతీ మీద బంగారు రంగు పేరు పలక, జుట్టులో అక్కడక్కడా తెలుపు. అందరి ముందూ "వెల్‌కమ్ సర్, వెల్‌కమ్ మేడమ్" అని కుర్చీ లాగి, మెనూ అందించే నెపంతో వంగి, "బావా, కారం కావాలంటే చెప్పు, లోపల మనోళ్ళ మిరపపొడి దాచిపెట్టా" అన్నాడు. పద్మ పకపకా నవ్వింది. నేను ఆ నవ్వు విని చానా కాలమైంది.

వాడు నడుస్తుంటే ప్రతి బల్లా వాడి వైపు తిరిగేది. ఎవరికి వెల్లుల్లి పడదో, ఎవరి మనవరాలు డాక్టరీ చదువుతోందో వాడికి తెలుసు. ఒకరితో హిందీ, ఒకరితో తమిళం, ఒక తెల్లావిడతో ఇంకేదో భాష. పద్మకి ఫోర్కు చుట్టూ ఆ పొడుగు సేమ్యాలాంటిది ఎలా చుట్టాలో చూపించాడు, అది కూడా ఆవిడ చిన్నబోకుండా, ముందు తనే ఒకసారి జారవిడిచి. నేను చూస్తూ కూర్చున్నాను. నన్ను కూర్చోబెట్టి వాడు నిలబడే ఉన్నాడు. అయినా ఆ గదిలో పెద్దవాడు వాడే.

పక్క బల్ల దగ్గర కోయంబత్తూరు ముసలి దంపతులున్నారు. వాళ్ళు లేస్తూ ఖాసిం చెయ్యి పట్టుకుని ఊపారు. చెయ్యి వదిలేసరికి వాడి పిడికిలి జేబులోకి వెళ్ళింది. నోటు రంగు కూడా ఎవరికీ కనపడలేదు. నెల్లూరు పెద్దాయన చెప్పిన మర్యాద అదేనని నాకు అర్థమైంది. అర్థమయ్యాకే నేను దానికి వ్యతిరేకంగా చేశాను.

బిల్లు అట్ట తెరిచి, అయిదొందల నోట్లు పది, పేకముక్కల్లా పరిచి, గట్టిగా అన్నాను. "ఒరేయ్ ఖాసిం! ఇదంతా నీకే. ఉంచుకో!"

చుట్టూ తలలు తిరిగాయి. పద్మ ముఖం దించుకుంది. ఖాసిం మాత్రం చెక్కుచెదరలేదు. "థాంక్యూ సర్" అని, వంగి, నాకొక్కడికే వినపడేట్టు మాట్లాడాడు.

"ఇది అందరి డబ్బాలోకి పోద్ది బావా. వంటోళ్ళకీ, గిన్నెలు కడిగేవాళ్ళకీ పంచుతారు. ఇంతెందుకు? టికెట్టులోనే కట్టేశావు గదా. సగం తీసుకుని చెల్లెమ్మకేమన్నా కొనియ్యి."

"చాలకపోతే చెప్పరా, ఇంకా ఇస్తా" అన్నాను.

ఒక్క క్షణం వాడి నవ్వు ఆగింది. "చానా ఎక్కువ సర్" అని అట్ట మూసి తీసుకెళ్ళిపోయాడు.

నా టిప్పుతో వాడు చిన్నవాడు కాలేదు. నేనే అయ్యాను. పద్మ నన్ను వదిలేసి సముద్రం చూడ్డానికి బయటికి పోయింది. బల్ల మీద అభిప్రాయం రాసే ఫారం ఉంది. వంటలకి ఐదు గళ్ళు, సేవకి ఐదు గళ్ళు. సగం వదిలేసిన ఆ సేమ్యాకి మొదటి గడిలో, "అద్భుతం" అన్నదాని మీద టిక్కు పెట్టాను. సేవ దగ్గరికొచ్చి, మూడో గడిలో, "పర్వాలేదు" అన్నదాని మీద పెట్టాను. వడ్డించినవారి పేరు అన్నచోట ఖాసిం పేరు విడివిడి అక్షరాలతో శుభ్రంగా రాసి, కింద మా గది నంబరు వేసి, వాకిలి దగ్గర పెట్టెలో వేశాను. వేసినప్పుడు మనసుకి హాయిగా ఉంది. అబద్ధం చెప్పను.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి టిఫిన్‌కి వెళ్ళాం. ముందురోజు ఖాసిం పక్కన రొట్టెలు అందించిన స్టెల్లా అనే ఆవిడ కాఫీ పోస్తోంది. గోవా మనిషి, నలభై దాటి ఉంటాయి. నా కార్డు మీద గది నంబరు చూసి ఆగింది. నరసరావుపేటలో ఉర్దూ వింటూ పెరిగినవాణ్ణి, ఆవిడ హిందీ నాకు బాగానే అర్థమైంది.

"నిన్న మా వల్ల ఏం తప్పు జరిగింది సర్? పొద్దున మీటింగులో మీ ఫారం చదివారు."

"తప్పేం లేదే. పర్వాలేదు అనే రాశాను."

"మొదటి గడి తప్ప ఏది కొట్టినా మాకు ఫెయిలే సర్. ఖాసిం భాయ్ కాంట్రాక్టు ఈ ట్రిప్పుతో అయిపోతోంది. మళ్ళీ ఎవర్ని పిలుస్తారో రేపు విశాఖలో లిస్టు పెడతారు. పదకొండేళ్ళలో ఆయనకి రెండో గడి కూడా పడలేదు."

ఆవిడ వెళ్ళాక పద్మ కప్పు కింద పెట్టింది. "నువ్వు రాశావా?"

నేను కాఫీలో చక్కెర కలుపుతున్నాను.

"ఏందయ్యా, నిన్నే అడిగేది. ఆయన మీద నువ్వు రాశావా?"

"రాశా."

"మన పెళ్ళిలో మూడు బంతులు ఒక్కడే వడ్డించిన మనిషి. సిగ్గుందా నీకు? ఆయనింట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటన్నారు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. "పో. పోయి తీయించు."

కౌంటర్లో అడిగితే ఫారం వెనక్కి ఇవ్వరన్నారు. మధ్యాహ్నం మూడుకి రెస్టారెంటు మేనేజరు దగ్గరికి పంపారు. ముంబై మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. "సేవలో ఏం లోపం కనిపించింది?" అని మర్యాదగా అడిగాడు. ఎన్ని అబద్ధాలు ఆలోచించుకుని వెళ్ళానో! పొరపాటున టిక్కు పడిందనీ, కళ్ళజోడు లేదనీ. ఆయన పెన్ను పట్టుకుని నా వైపే చూస్తుంటే ఒక్కటీ రాలేదు.

"ఏ లోపమూ లేదు. వాడు నాకు ముప్పై ఏళ్ళ స్నేహితుడు. అందరూ వాణ్ణి ఇష్టపడుతుంటే ఓర్వలేక రాశాను" అన్నాను, నాకొచ్చిన హిందీలో.

ఆయన ఒక తెల్లకాగితం నా ముందుకి తోశాడు. "అదే రాసివ్వండి. ఫారం తీయడం నా చేతిలో లేదు. ఇది దానికి జతపెడతాను. పైవాళ్ళు ఏమంటారో చెప్పలేను."

తెలుగులో రాసి సంతకం పెట్టాను. హిందీలో చదివి వినిపిస్తే ఆయన కింద ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఒకే మాట నోటితో చెప్పి, చేత్తో రాసి, మళ్ళీ చదవడమంటే ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రం ఖాసిం కోసం పదో అంతస్తుకి వెళ్ళి, అద్దాల తలుపు దాకా పోయి, తిరిగొచ్చేశాను.

సోమవారం పొద్దున ఏడున్నరకి విశాఖ రేవు. దిగే మెట్ల దగ్గర ఖాసిం నిలబడి ఉన్నాడు. కోటు లేదు, మామూలు చొక్కా. పద్మ చేతిలో పెట్టె అందుకుని కిందిదాకా మోశాడు. ఆవిడ ఏదో వంక పెట్టుకుని పక్కకి జరిగింది.

"నీ చేతిరాత నాకు తెలవదా బావా?" అన్నాడు ఖాసిం. "ముప్పై ఏళ్ళ నించి నీ మెనూ బోర్డు చూస్తన్నా."

"కుళ్ళుతో రాశాన్రా. తప్పయింది."

"నోట్లు పరిచినప్పుడే కోపమొచ్చింది నాకు. అది మింగా. ఫారం చూసినంక రాత్రి అన్నం తినలా." గొంతు పెంచలేదు వాడు. "కాయితం కూడా చూపిచ్చారు. నా పనిలో లోపం లేదని నువ్వే రాశావు. అది చాలు. అయినా బావా, దీన్ని ఇయ్యాల మర్చిపోలేను. కొన్నాళ్ళు పడుద్ది."

"లిస్టు?"

"పది దాటినంక పెడతారు. నువ్వు పో, రైలు పోద్ది."

చెయ్యి చాపాను. పట్టుకున్నాడు గానీ, వెంటనే వదిలేశాడు.

తొమ్మిదీ యాభైకి గుంటూరు బండి దొరికింది. అన్నవరంలో ప్లాట్‌ఫారం మీద ప్రసాదం కొన్నాం. రాజమండ్రి దాటాక పెరుగన్నం పొట్లాలు, ఒక్కోటి అరవై. పద్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను నేర్చుకున్నది చెప్తాను. స్పెషాలిటీ రెస్టారెంటులో మీరు కట్టే దాంట్లోనే టిప్పు ఉంటుంది. ఇంకా ఇవ్వాలనిపిస్తే చెయ్యి కలిపేటప్పుడు ఇవ్వండి, కనపడనివ్వకండి. చేతిలో డబ్బు లేకపోయినా ఫర్వాలేదు, ఫారం మీద వడ్డించినవాళ్ళ పేరు రాసి మొదటి గడిలో టిక్కు పెట్టండి. వాళ్ళకి నోటు కంటే అదే ఎక్కువ. నిజంగా లోపముంటే ముందు వాళ్ళతోనే చెప్పండి. మీ లోపల ఏదైనా లోపముంటే మాత్రం పెన్ను ముట్టుకోకండి.

సాయంత్రం అయిదుంబావుకి గుంటూరులో దిగి నరసరావుపేట బస్సెక్కాక ఫోను మోగింది. ఖాసిం మెసేజి. "కాంట్రాక్టు ఇచ్చారు. ఈసారి ఇంకా పెద్ద ఓడ. అలాస్కా."

ముందు గుండెలో పాత మంటే ఒకసారి చుర్రుమంది. అదే ముందొచ్చింది. సంతోషం దాని వెనకాల వచ్చింది. ఫోను పద్మకి చూపించాను. ఆవిడ మెసేజి చదివి, నా ముఖం కూడా చదివి, పొద్దున్నుంచి మొదటిసారి నా భుజానికి ఆనుకుంది.

"చాలా సంతోషంరా" అని టైపు చేసి పంపాను. పంపినప్పుడు అది సగమే నిజం. బస్సు ఫిరంగిపురం దాటేసరికి చాలావరకు నిజమైంది.