ఒకే సంచిలో రెండు ఫోన్లు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ టీవీ గొంతు కొంచెం తగ్గించండి. వక్కాకు నములుతూ వింటామన్నా నాకేం అభ్యంతరం లేదు గానీ మధ్యలో లేచిపోతే మాత్రం నష్టం మీకే, తిండి సంగతి చివర్లో వస్తుంది. ఆ రోజుల్లో, అంటే నేను కొత్తగా కాపురానికి తిరుపతికి వచ్చిన రోజుల్లో, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఆదివారం పూట ఒకచోట చేరి మళ్లీ పాఠాలు చదువుకుంటారని ఎవరైనా చెబితే నేను నవ్వేదాన్ని. ఏడో తరగతితో బడికి దండం పెట్టి వచ్చేసిన మనిషిని నేను. జీతం వస్తున్నాక కూడా బెంచీ మీద కూర్చునే ఖర్మ ఎవరికి పడుతుంది అనుకునేదాన్ని. పడుతుందని మా మరిది వల్ల తెలిసింది.

మా మరిది కంపెనీలో డేటాబేసులు చూసుకునేవాడు. అదేం పని అని అడిగితే ఒకరోజు వంటింట్లోకే వచ్చి చెప్పాడు. "వదినా, నీ డబ్బాల్లో ఏ పప్పు యాడుండాదో నీకు తెల్సు గదా. ఆసుపత్రి బిల్లులు, బస్సు టికెట్లు, పిలకాయల మార్కులు, ఇవన్నీ కంప్యూటర్లో అట్లనే సర్ది పెట్టుంటారు. అవి పోకుండా, కలిసిపోకుండా కాపలా కాసేది నా పని." "అయితే నువ్వూ వంటింటి మనిషివేలే" అన్నాను. అతను మురిసిపోయాడు. (పక్కనే చింతపండు ఒలుస్తున్న మా అత్త మాత్రం, దీనికోసమా వీణ్ని అంత చదివించింది అన్నట్టు చూసింది.)

ఆ పని చేసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఏదైనా ఒక్కటే ఉంటే వాళ్లకి కాలు నిలవదు. మా ఇంటి తాళం చెవి మా దగ్గర ఒకటి, పక్కింట్లో ఒకటి, పాలాయన దగ్గర ఒకటి ఉండేది. జేబులో రెండు పెన్నులు, బీరువాలో రెండు గొడుగులు, చేతిలో రెండు ఫోన్లు. ఒకసారి అందరం కాణిపాకం వెళ్తే మా మరిది ఒక చెప్పు తూర్పు వాకిలి దగ్గరా, రెండోది చెరుకురసం బండి కిందా విడిచి వచ్చాడు. దొంగ వచ్చినా రెండూ దొరకవట. తిరిగి వచ్చేసరికి ఒకటి పోయింది. ఎవరో ఒంటి చెప్పే కదా అని చెత్తలో వేసినట్టున్నారు. మిగిలిన చెప్పు చేత పట్టుకుని, "సగమన్నా మిగిలింది గదా వదినా" అని పూతలపట్టు దాకా నాకు ధైర్యం చెబుతూనే వచ్చాడు.

అలాంటివాళ్లకి ఆ ఏడు పెద్ద దిగులు పట్టుకుంది. కంపెనీలు తమ డేటాబేసులన్నీ ఎక్కడో దూరంగా, అద్దె యంత్రాల్లోకి మార్చేస్తున్నాయి, ఆ యంత్రాలు సగం కాపలా తామే కాసుకుంటాయి, కొత్త పని నేర్చుకోకపోతే పాత కాపలావాళ్లని ఇంటికి పంపేస్తారు అని. అందుకని తిరుపతి, చిత్తూరుల్లో ఆ పనిలో ఉన్నవాళ్లంతా, బెంగళూరు నుంచి శని ఆదివారాలకి ఇంటికొచ్చేవాళ్లతో సహా, నెలకొకసారి ఒక చిన్న ఫంక్షన్ హాలు మేడ మీద చేరేవారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకునేవారు. అన్ని నెలలూ టీ బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు గానీ, ఆ నెల మదరాసు నుంచి ఒక పెద్ద సారు పాఠం చెప్పడానికి వస్తున్నాడు, మధ్యాహ్నం భోజనం పెట్టాలి అన్నారు. "బోజనం సంగతి నాకి వదిలేయండి" అని మా మరిది అక్కడ చెప్పేసి వచ్చాడు, వండేది వదినే అని నన్ను అడక్కుండానే మనసులో అనుకుని.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాయన పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకి వండేవాడు. ఆయన పొయ్యిల పొగలోనే నేను పెరిగాను. మోకాళ్లు మొరాయించి పొయ్యి ముందు నిలబడలేనన్నాక తన పెద్ద దబరలు, అదే పెళ్లివంటల గిన్నెలు, నాకిచ్చి, "వీటిని ఊరకుండనీయొద్దు మే" అన్నాడు. తెచ్చుకున్నాను. మా అత్త వాటిని నేరుగా అటక ఎక్కించింది. "మన ఇంటి కోడలు ఊరోళ్లకి వండేదేంది?" అని. రోజూ నలుగురికి చారు పెడుతూ అటక వంక చూసి నిట్టూర్చేదాన్ని. మా మరిది పుణ్యమా అని ఆ దబరలు దిగే రోజు వచ్చింది. రెండు రోజులు బతిమాలితే మా అత్త మెత్తబడింది, కానీ వేలు చూపించి మరీ చెప్పింది. "ఈ ఒక్క తూరి సూస్తా. ఒక్క మనిషి ఆకలితో లేచినా సరే, వండింది మిగిలి పారబోసినా సరే, ఆ దబరలు మళ్లా అటకెక్కతాయి. ఇంక దించమని నా ఎదర మాట రాకూడదు." అన్నం పారబోయడం అంటే మా అత్తకి మనిషిని కొట్టినదాని కంటే పెద్ద తప్పు.

ఇక మా మరిది వాళ్ల మీటింగు కట్టడి వినండి. ఏ పనికైనా ఒక పెద్దని పెడతారు, ఆయన వెనక ఒక తోడుని పెడతారు. పెద్ద ఉలుకూ పలుకూ లేకుండా పోతే, తోడు ఎవర్నీ అడక్కుండా ఆ పని తన చేతిలోకి తీసుకోవాలి. కంప్యూటర్లలో అలాగే చేస్తారట. భోజనాలకి పెద్ద మా మరిది. తోడు చిత్తూరులో ఉండే ఒకతను, బస్సులో వచ్చినా చేతిలో హెల్మెట్టు ఉండేది కాబట్టి మేమంతా హెల్మెటన్న అనేవాళ్లం. వంట ఎవరు చేస్తున్నారో హెల్మెటన్నకి తెలియదు. అది మా మరిదికే తెలుసు.

మీటింగు ఆదివారం. దాని ముందు రోజు పెరటాసి శనివారం. మా పక్క వాళ్లకి చెప్పనక్కర్లేదు, తెలియని వాళ్లకి చెబుతున్నాను, అది అరవవాళ్ల నెల, ఆ నెల శనివారాల్లో తిరుమల కొండ మీద ఇసక వేస్తే రాలదు. చిత్తూరు నుంచీ అరవదేశం నుంచీ పసుపు గుడ్డలు కట్టుకుని జనం నడిచి వస్తారు. ఆ రోజే మా మరిది, "సారు ముందర నేను కూడా నాలుగు మాటలు మాట్లాడల్ల వదినా, సామికి సెప్పుకోని సాయంత్రానికి వచ్చేస్తా" అని కొండెక్కాడు. దర్శనానికి వెళ్లేవాళ్లు ఫోన్లు కౌంటరులో ఇచ్చి వెళ్లాలి కదా. తాళం చెవి మూడిళ్లలో పెట్టిన మనిషి, చెప్పులు రెండు చోట్ల విడిచిన మనిషి, రెండు ఫోన్లూ ఒకే గుడ్డసంచిలో వేసి ఒకే కౌంటరులో ఇచ్చాడు! ఆ జనంలో సాయంత్రం అనుకున్నది ఆదివారం పొద్దున అయింది, కొండ దిగి నేరుగా హాలుకే వెళ్లాడు. అటు చిత్తూరులో హెల్మెటన్న ఒక ఫోనుకి చేశాడు, పలకలేదు. రెండోదానికి చేశాడు, అదీ పలకలేదు. పాపం, కట్టడి ప్రకారం నడిచాడు. "భోజనాలు నేను సూసుకుంటా" అని అందరికీ మెసేజి పెట్టాడు. అందరూ బొటనవేళ్లు పెట్టారు. చూడాల్సిన మా మరిది ఫోన్లు మాత్రం సంచిలో చార్జింగు అయిపోయి చల్లబడి ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం నేనూ మా అత్తా ఆటోలో దబరలు వేసుకుని హాలుకి వెళ్లాం. పొంగలి, పులిహోర, సాంబారు, గుమ్మడికాయ కూర, పెరుగన్నం. (మా అత్త సాయానికి రాలేదు, నిఘాకి వచ్చింది.) మెట్ల దగ్గర దించుతుంటే ఇంకో చిన్న వ్యాను వచ్చి ఆగింది. దాంట్లోంచి హెల్మెటన్న దిగాడు, హెల్మెట్టు పెట్టుకునే. వెనకాల కొంగు బిగించిన ఒక పెద్దావిడ, చిత్తూరులో మెస్సు నడిపే వాళ్ల పెద్దమ్మ. వ్యాను తలుపు తీస్తే నా కళ్లు తిరిగాయి. పొంగలి, పులిహోర, సాంబారు, గుమ్మడికాయ కూర, పెరుగన్నం.

"ఎవురికి మే ఇదంతా?" అంది మా అత్త.

"పైన మీటింగు పిలకాయలకి. మీరు ఎవురికి తెచ్చినారు?"

"మేము తెచ్చిందీ ఆ పిలకాయలకే."

"అదెట్లమ్మా? వాళ్లేమన్నా రెండు పొట్టలోళ్లా?"

"పొట్ట సంగతి తెలీదు గానీ, తలకాయ మాత్రం సగమే ఉన్నెట్లుండాది" అని మా అత్త నా వైపు తిరిగింది. ఆ చూపులో నాకు నిచ్చెన కనబడింది, అటక కనబడింది, దబరల మీద మళ్లీ పేరుకోబోయే దుమ్ము కూడా కనబడింది. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. కళ్లు తుడుచుకున్న కొంగుకి సాంబారు అంటి ఉందేమో, కారం కళ్లలో పడి ఇంకా ఎక్కువ ఏడ్చాను.

పైన ఏం జరుగుతోందంటే, మదరాసు సారు బోర్డు మీద రెండు సున్నాలు గీసి, వాటిని రెండు యంత్రాలనుకోమని సరిగ్గా ఈ సంగతే చెబుతున్నాడట. "ఒగటి పలకదు. రెండోది దాని సీట్లో కూసుంటాది. మొదటిది సచ్చిపోలేదప్పా, ఊరికే దోవ తెగిపోయింది, అంతే! తిరిగి వస్తాది. అప్పుడు రెండూ నేనే పెద్ద అంటాయి. రెండూ దేని లెక్కలు అది రాసేస్తాయి. అంతా పాడు!" మా మరిది ముందు వరసలో కూర్చుని, "అట్లాంటి తప్పు మనం యాడ సేస్తాం సార్" అన్నాడట. అప్పుడే తలుపు తెరుచుకుంది. ఈ పక్క నుంచి మా సాంబారు దబర, ఆ పక్క నుంచి పెద్దమ్మ సాంబారు దబర లోపలికి వచ్చాయి.

మా మరిది హెల్మెటన్నని చూశాడు, హెల్మెటన్న మా మరిదిని చూశాడు. "నువ్వు పలకలేదు గదప్పా!" "నేను కొండ మీదుండాను గదబ్బా!" "రెండు ఫోన్లుండాయి గదా నీకి?" "రెండూ ఒకే సంచిలో..." అని మా మరిది అనగానే హాలంతా పగలబడి నవ్వింది. సారు సుద్దముక్క కింద పెట్టి, "ఇంక బోర్డు వద్దు, పాఠం వేడివేడిగా వచ్చేసింది" అన్నాడు. తర్వాత నవ్వు ఆపుకుని, "రెండూ పెద్దలే అన్నప్పుడు తేల్చేదానికి మూడో మనిషి కావల్ల. ఎవురి పక్కా లేని మనిషి" అన్నాడు. అందరి కళ్లూ మా అత్త మీద పడ్డాయి.

"ఆయమ్మ మీ పక్క గదా?" అన్నాడు హెల్మెటన్న.

"మా అమ్మ మా పక్కనా? నీకి మా అమ్మ తెలీదప్పా" అన్నాడు మా మరిది.

మా అత్త రెండూ రుచి చూసింది. పరీక్ష పేపరు దిద్దే టీచరమ్మలా కళ్లు మూసుకుని మరీ చూసింది. "పొంగలి మా కోడలిది బాగుండాది. సాంబారు ఈయమ్మది. మా కోడలు పులుసు నిండా పోసేసింది." నిజం, దబరలు దిగిన సంతోషంలో నా చెయ్యి ఆగలేదు. అందరూ కడుపునిండా తిన్నారు. అయినా ఒక పూర్తి వంట అలాగే మిగిలింది, నా పులుపు సాంబారు దబర అయితే మూత కూడా కదల్లేదు. మా అత్త దాని ముందు నిలబడి మూత మీద వేళ్లతో రెండు సార్లు తట్టింది. తిట్టినా బాగుండేది, ఆ చప్పుడుకే నాకు భయం వేసింది.

అప్పుడు కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద పసుపు గుడ్డలవాళ్లు గుంపులు గుంపులుగా నడిచి పోతున్నారు, కొందరు గోడ నీడన కాళ్లు చాపుకుని కూర్చున్నారు. "అత్తా" అన్నాను, "పారబోయకూడదు అన్నావు గానీ, ఎవురికి పెట్టల్లో సెప్పలేదు గదా." మా అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మాటలు నేర్సినావే!" అంది. తర్వాత హాలు వైపు తిరిగి, "ఏం సూస్తాండారు పిలకాయలూ, దబరలు పట్టండి! బిన్నా, తొందరగా!" అని కేక పెట్టింది. అంతమంది ఇంజనీర్లూ చొక్కా చేతులు మడుచుకుని లేచారు. మా మరిది, "రెండు ఆటోల్లో ఏసుకుందాం, ఒగటి ఆగినా ఇంకోటి పోతాది" అంటే, "ఆ తెలివి నిన్న ఫోన్లు పెట్టేటప్పుడు యాడ పోయిందిరా?" అంది మా అత్త. రోడ్డు దాటడానికి ఆటో ఎందుకని మోసుకునే వెళ్లాం.

గోడ నీడలో వరసగా విస్తరాకులు వేశాం. మదరాసు సారు పంచె ఎగ్గట్టి పెరుగన్నం వడ్డించాడు. మా మరిది ఒకరికి పెట్టాక, పెట్టానో లేదో అని అనుమానం వచ్చి మళ్లీ పెట్టేవాడు. వాడి వెనకాల హెల్మెటన్న, వాడు మరిచిపోయుంటాడేమో అని ఇంకోసారి పెట్టేవాడు. ఒక ముసలావిడ, అరవదేశం వైపు నుంచి నడిచి వచ్చినట్టుంది, నా సాంబారు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "నడిసి నడిసి నోరు సప్పగా అయిపోయింది తల్లీ. ఈ పులుపు తగిల్నాక పానం లేసొచ్చింది. ఇంకొంచెం పొయ్యి" అంది. ఆ మాట విని పక్కవాళ్లు కూడా ఆకులు చాపారు. అన్నిటికంటే ముందు ఖాళీ అయింది నా సాంబారు దబరే. మా అత్త అన్నీ విన్నది, ఏమీ విననట్టు విస్తరాకులు ఏరుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక నిచ్చెన తెమ్మంటుందేమో అని గుమ్మంలోనే నిలబడ్డాను. మా అత్త దబరలు తానే తోమింది, కడిగింది, వంటింట్లో పొయ్యి పక్కనే గోడవారగా బోర్లించింది. "మళ్లా మీటింగు ఎప్పుడంటరా?" అని మరిదిని అడిగి, సమాధానం వినకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు చిత్తూరు పెద్దమ్మా నేనూ పెద్ద వంటలకి కలిసే వెళ్తాం. సాంబారు ఆమె పెడుతుంది, పొంగలి నేను పెడతాను. మా మరిది కొత్త పని నేర్చుకుని ఉద్యోగం నిలబెట్టుకోవడమే కాదు, ఇప్పుడు ఆ మీటింగుల్లో తానే పాఠం చెబుతున్నాడు. బోర్డు మీద సున్నాలు గీయడు, రెండు దబరలు గీస్తాడు. నేను వెనకాల గరిటె పట్టుకుని నిలబడి వింటాను, ఒక్క ముక్క అర్థం కాదు, అందరికంటే ముందు చప్పట్లు మాత్రం కొడతాను. అప్పుడప్పుడు హాలు మెట్లు ఎక్కుతూ, కళ్లలో సాంబారు పెట్టుకుని ఏడ్చిన ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉందేమో అని చూస్తాను. ఉంటే పక్కన కూర్చుని, లేవే పిచ్చిదానా, పైన ఆకలేసిన వాళ్లున్నారు, కింద ఇంకా ఆకలేసిన వాళ్లున్నారు, నీ పులుపు ఎక్కడికీ పోదు అని చెప్పాలని ఉంటుంది. పెరటాసి వస్తే ఇప్పటికీ సాంబారులో చింతపండు ఒక పిడికెడు ఎక్కువే వేస్తాను. మా అత్త చూస్తూనే ఉంటుంది, ఏమీ అనదు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంటి దబరలు అటక మొహం చూడకుండా ఉండాలి, మీ వాకిట్లో చెప్పులు జతలు జతలుగా ఉండాలి, మీరు వండింది ఎంత మిగిలినా తినే చేతులు మీ గుమ్మం ముందుకే నడిచి రావాలి. చల్లగా ఉండండి.