రెక్కల పురుగులకు చీరల పేర్లు

ఎమ్మిగనూరు ఉరుకుందప్ప నలభై ఏళ్లు మగ్గం నేశాడు. చక్కెర జబ్బుతో భార్య లింగమ్మ చూపు పోయాక, ఆమెకు పొద్దుపోవడానికని పెరట్లో రెక్కల పురుగులు పట్టసాగాడు. ఆ పిచ్చి అంటించింది నేనే. రాత్రిపూట దీపం పెట్టి పురుగులు పట్టే ఉపాయం ఎప్పుడో చదివాను; ఆదోని పత్తి మార్కెట్టు దగ్గర టీ తాగుతూ అతనికి చెప్పాను. ఊళ్లు తిరిగేవాడి నోరు ఊరుకోదు కదా.

బకెట్టు పైన బల్బు, లోపల కోడిగుడ్ల అట్టలు. వెలుగుకొచ్చిన పురుగులు తెల్లారేసరికి అట్టలకు అంటుకుని ఉంటాయి. మొదటిరోజు మూత తీయగానే అన్నీ ఎగిరిపోయాయి.

"ఇన్నేండ్లు నూలు సిక్కు తీసినావు, పురుగును పట్టల్యావా?" అని లింగమ్మ నవ్వింది.

తర్వాత చేయి కుదిరింది. ఒక్కోదాన్నీ చీరను వర్ణించినట్టు ఆమెకు చెప్పేవాడు.

"ఒళ్లంతా బూడిద రంగు, అంచు ఎరుపు."

"అది మాయమ్మ పెండ్లి కోక గదయ్యా! అట్లే రాయి."

నోటు పుస్తకంలో అట్లాగే రాసేవాడు. నలభై ఒక్క పేర్లయ్యాయి.

శ్రావణంలో లింగమ్మ పోయింది. దినాలయ్యాక వెళ్లాను. ఆ ఉదయం అట్ట మీద లేతాకుపచ్చ పురుగొకటి ఉంది. అతను ఖాళీ మంచం వైపు తిరిగి "పచ్చ కోక, తెల్లంచు..." అని ఆగిపోయాడు. నోటు పుస్తకంలో తేదీ వేసి, పేరు దగ్గర ఏమీ రాయలేదు.

"దీనికి శాస్త్రంలో పేరుందప్పా, చెప్పనా?" అన్నాను.

"ఉంటాదిలే అన్నా. ఆయమ్మ దీన్ని ఇనలేదు గదా."

అట్టను జామచెట్టు నీడన పెట్టి, పురుగు లేచిపోయేదాకా పక్కనే కూర్చున్నాడు.