అక్క వెన్నెముకలో నల్లమచ్చలు

విజయనగరంలో ఒక స్కానింగ్ సెంటర్లో పదిహేడేళ్లుగా రిపోర్టులు టైపు చేస్తున్నాను. డాక్టరుగారు తెర మీద బొమ్మలు చూస్తూ చెబుతారు, నేను పక్కన కూర్చుని కొడతాను. ‘వయసుతో ఎముక మజ్జలో వచ్చిన మార్పులు’ అన్న మాట రోజూ వస్తుంది. వేళ్లే కొట్టేస్తాయి. అది ఎవరి ఒంట్లోదో ఆలోచించే ఓపిక నాకెప్పుడో పోయింది.

కిందటేడు ఊడ్పులు అయ్యాక మా అక్క వచ్చింది. నాకన్నా పద్నాలుగేళ్లు పెద్దది. పొందూరు దగ్గర పల్లెలో వరి చేలో వంగి వంగి నడుం పట్టేసింది. అక్కడి డాక్టరు స్కాన్ రాశాడు.

“ఆ గొట్టంలోన ఏటి సేత్తారే?” అంది మిషన్ చూసి.

“ఏం చెయ్యరక్కా. అరగంట కదలకుండా పడుకోవాలంతే.”

“కదలకుండా పడుకుని ఎన్నాళ్లయినాదో” అంటూ ఎక్కింది. అంత చప్పుడులోనూ నిద్రపోయింది.

బొమ్మలు వచ్చాక డాక్టరుగారు నడుం ఎముకల దగ్గర చెప్పడం ఆపేశారు.

“ఈవిడ వయసెంతమ్మా?”

“అరవై నాలుగండీ. మా అక్క.”

ఆయన తెర నావైపు తిప్పి చూపించారు. చిన్నపిల్లల ఎముకల్లో ఉండేదంతా రక్తం తయారుచేసే ఎర్ర మజ్జేనట. వయసు వచ్చేకొద్దీ కాళ్లూ చేతుల చివర్ల నుంచి అది కొవ్వుగా మారుతూ వస్తుందట. వెన్నెముక దాకా వచ్చేసరికి జీవితంలో చాలాభాగం అయిపోతుంది. ఆ బొమ్మలో కొవ్వు తెల్లగా కనబడుతుంది. అక్క వెన్నుపూసలు చాలావరకు తెల్లబడ్డాయి. మధ్యలో అక్కడక్కడా నల్లమచ్చలున్నాయి.

“మిగిలిన ఎర్ర మజ్జే అయ్యుంటుంది. కానీ కొన్ని జబ్బులు కూడా ఇలాగే కనబడతాయి. రక్తపరీక్షలు చేయిద్దాం. అంతదాకా రిపోర్టు ఆపుదాం” అన్నారు.

పదిహేడేళ్లుగా కొడుతున్న మాటకు అర్థం ఆ రోజు తెలిసింది. అంతకుముందు నేనూ అడగలేదు.

నాలుగు రోజులు అక్క మా ఇంట్లోనే ఉంది. దేనికోసం ఆగామో చెప్పలేదు. వద్దంటున్నా గిన్నెలు తోమింది, నా చీరలకు ఫాల్స్ కుట్టింది. ఆఫీసులో నేను కుడికాలికి బదులు ఎడమకాలని కొట్టి తిట్లు తిన్నాను. ఇంటికొచ్చి తనకు ఎదురుపడకుండా తొందరగా పడుకునేదాన్ని.

ఐదో రోజు ఫలితాలు వచ్చాయి. జబ్బేమీ లేదు. అరిగిన డిస్కు ఒకటుంది, నడుముకు బెల్టు చాలు అన్నారు డాక్టరుగారు. ఆపిన చోటినుంచి మళ్లీ చెప్పారు, నేను కొట్టాను.

“ఏటొచ్చినాదే?” అంది అక్క.

“ఏమీ లేదక్కా. వయసు.”

“ముసిల్దాన్నయిపోనానని సెప్పడానికి ఇన్నాళ్లు కూకోబెట్టినావా?”

అప్పుడు అంతా చెప్పాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. తను కోప్పడలేదు.

“నాను గిన్నెలెందుకు తోమినాననుకున్నావే? నీ మొకం సూసినాక నిద్దర పట్టలేదు మరి” అంది.

మర్నాడు బస్సెక్కించాను. ఈ ఏడు తను ఊడ్పులకు దిగలేదు. బెల్టు కట్టుకుని గట్టు మీద కూర్చుని, నాటేవాళ్లందరినీ తిడుతోందట.